రెండు దారులు, రెండు నాలుకలు: ‘దిదఖే’ నీతిబోధ – ఒక పరిశీలన

తొలినాటి క్రైస్తవ రచనలు అనగానే మన విద్యార్థులకు బైబిలులోని కొత్త నిబంధన ఒక్కటే స్ఫురిస్తుంది. దాదాపు అదే కాలంలో, అదే గ్రీకు భాషలో పుట్టి, ఆ సంపుటంలో చోటు దక్కని రచనలు మరికొన్ని ఉన్నాయి. రోము సంఘం తరఫున కొరింథు సంఘానికి వెళ్ళిన క్లెమెంతు లేఖ, ఇగ్నేషియస్ లేఖలు, బర్నబా పేరుమీద ప్రచారమైన లేఖ, హెర్మాస్ రాసిన ‘కాపరి’ అటువంటివి. పండితులు వీటన్నిటినీ కలిపి అపొస్తలిక పితరుల రచనలని వ్యవహరిస్తారు. ‘దిదఖే’ ఈ కోవలోదే. గ్రీకులో ఆ మాటకు ‘బోధ’ అని అర్థం. పదహారు చిన్న అధ్యాయాల ఈ గ్రంథం అచ్చులో పది పన్నెండు పుటలకు మించదు.

దీనిని నీతిగ్రంథంగా, అందులోనూ మాటల పట్ల ఎంతో జాగ్రత్త ఉన్న గ్రంథంగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. విశ్వాసులు దీనిని ఎలా స్వీకరించాలన్నది మా విషయం కాదు. అయితే దీనినే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మనిషికి ‘రెండు నాలుకలు’ ఉండరాదని ఈ బోధ కచ్చితంగా చెబుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో మాట్లాడే మన విద్యార్థులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగక తప్పదు. ఆ నిషేధం ఎవరిని ఉద్దేశించింది? అది దేనిని తప్పు పట్టింది? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే ఈ గ్రంథంలోని బోధ చాలావరకు ఒకే దారానికి గుచ్చినట్టు కనబడుతుందని మా అభిప్రాయం.

రాతప్రతి వృత్తాంతం

దిదఖే పేరు పండితులకు మొదటినుంచీ తెలుసు. నాలుగో శతాబ్దిలో చరిత్రకారుడు యూసేబియస్ దీనిని ప్రామాణిక గ్రంథాల పట్టికకు వెలుపల ఉంచాడు. అలెగ్జాండ్రియా మతాధిపతి అథనేషియస్ క్రీ.శ. 367లో రాసిన లేఖలో దీనిని ప్రామాణిక గ్రంథాలలో చేర్చలేదు గాని, కొత్తగా చేరేవారు చదువుకోదగిన పుస్తకాలలో పేర్కొన్నాడు. తరవాతి శతాబ్దాలలో గ్రంథం కనుమరుగై పేరు మాత్రం మిగిలింది.

1873లో ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అనే గ్రీకు మతాధికారి కాన్‌స్టాంటినోపుల్‌లోని ఒక మఠ గ్రంథాలయంలో పాత చర్మపత్ర ప్రతిని గుర్తించాడు. లేయోన్ అనే లేఖకుడు 1056లో దానిని రాసి ముగించినట్టు ఆ ప్రతిలోనే ఉంది. బర్నబా లేఖ, క్లెమెంతు పేర ఉన్న రెండు లేఖలు, మరికొన్ని రచనలతో పాటు దిదఖే పూర్తిపాఠం అందులో దొరికింది. బ్రియెన్నియోస్ 1883లో దానిని అచ్చు వేయించాడు. ఆ ప్రతి 1887నుంచి జెరూసలేములో ఉంది. ఈజిప్టులోని ఆక్సిరింకస్ తవ్వకాలలో నాలుగో శతాబ్దికి చెందిన చిన్న గ్రీకు శకలాలు దొరికాయి. కోప్తు భాషలో కూడా ఒక శకలం ఉంది.

గ్రంథం ఎప్పుడు, ఎక్కడ పుట్టిందన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. మొదటి శతాబ్ది చివర, లేదా రెండో శతాబ్ది ఆరంభం అని చాలామంది అంటారు. సిరియా ప్రాంతం కావచ్చుననే వాదానికి బలం ఎక్కువ. ఒకే చేతి రచన కాదన్నది మాత్రం స్పష్టం. పాత బోధలను, ప్రార్థనలను, సంఘ నియమాలను ఒకచోట కూర్చిన సంకలనం ఇది.

రెండు దారుల నిర్మాణం

మొదటి ఆరు అధ్యాయాలకు ‘రెండు దారులు’ అని పేరు. జీవమార్గం ఒకటి, మరణమార్గం ఒకటి, రెంటి మధ్యా దూరం చాలా ఉందని గ్రంథం మొదలవుతుంది. 7 నుంచి 10 వరకు బాప్తిస్మం, ఉపవాసం, ప్రార్థన, రొట్టె విరిచే విందు గురించిన అధ్యాయాలు. 11 నుంచి 15 వరకు సంచార బోధకులను, ప్రవక్తలను ఎలా ఆదరించాలో, ఎలా పరీక్షించాలో చెప్పే అధ్యాయాలు. పదహారోది అంత్యకాలాన్ని గురించినది. అది అర్ధంతరంగా తెగిపోయినట్టు ముగుస్తుంది.

దారిని నీతికి రూపకంగా వాడటం కొత్త విషయం కాదు. మోషే ధర్మోపదేశంలో, మొదటి కీర్తనలో అది ఉంది. గ్రీకుల్లో హెసియోడ్ కావ్యంలో ఉంది. కూడలిలో నిలిచిన హెరాక్లీస్ కథను జెనొఫోన్ చెప్పాడు. మనకు కఠోపనిషత్తులోని శ్రేయస్సు, ప్రేయస్సు గుర్తుకు వస్తాయి. పోలిక ఉన్నంత మాత్రాన అరువు తెచ్చుకున్నారని అనకూడదు; నడిచే మనుషులున్న చోటల్లా కూడలి ఉంటుంది. దిదఖే దారులకు నిజమైన దగ్గరి చుట్టరికం యూదు బోధతోనే. 1947లో మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహలో బయటపడిన సమాజ నియమావళిలో వెలుగు, చీకటి ఆత్మల బోధ ఉంది. బర్నబా లేఖ చివరి అధ్యాయాలలోనూ ఇటువంటి బోధే వెలుగు చీకట్ల పేరుతో ఉంది. వీటన్నిటికీ వెనుక ఒక పాత యూదు నీతిపాఠం ఉండి ఉంటుందని పండితులు ఊహిస్తారు. శత్రువును ప్రేమించడం వంటి క్రీస్తు వాక్యాలను తలపించే భాగం మొదటి అధ్యాయంలో ఉంది గాని, బర్నబా పాఠంలోనూ ఒక పాత లాటిన్ పాఠంలోనూ అది లేదు. ఆ భాగాన్ని తరవాత చేర్చారని దీనినిబట్టి తెలుస్తుంది.

ఈ పాఠానికి సొంత విశిష్టత మూడో అధ్యాయంలో కనబడుతుంది. గురువు శిష్యుణ్ణి ‘బిడ్డా’ అని పిలుస్తూ ఐదు గొలుసులు చూపిస్తాడు. కోపం హత్యకు దారి తీస్తుంది. మోహం వ్యభిచారానికి, శకునాలు చూడటం విగ్రహారాధనకు, అబద్ధం దొంగతనానికి, సణుగుడు దైవదూషణకు దారి తీస్తాయి. పెద్ద పాపాన్ని నిషేధించి ఊరుకోకుండా దాని మొలకను చూపించడం ఇక్కడి పద్ధతి. అబద్ధంనుంచి దొంగతనానికి దారి ఉందనడం గమనించదగినది. మాట చెడితే చేయి చెడుతుందన్న అవగాహన అందులో ఉంది.

‘ద్వి’ శబ్దాల వరుస

తెలుగు అనువాదాన్నో ఇంగ్లీషు అనువాదాన్నో చదివేవారికి తేలికగా జారిపోయే విషయం ఒకటి మూలంలో ఉంది. గ్రీకులో ‘రెండు’ అనే అర్థమిచ్చే ‘ది’ అన్న ఉపసర్గతో కూడిన మాటలు ఈ చిన్న గ్రంథంలో వరుసగా వస్తాయి. రెండో అధ్యాయంలో ‘దిగ్నోమోన్’, అంటే రెండు అభిప్రాయాలవాడు. దాని పక్కనే ‘దిగ్లోస్సోస్’, రెండు నాలుకలవాడు. నాలుగో అధ్యాయంలో ‘రెండు ప్రాణాలతో ఊగిసలాడటం’ అనే అర్థమున్న క్రియ వస్తుంది. ఐదో అధ్యాయంలో మరణమార్గపు దుర్గుణాల పట్టికలో, వేషధారణకూ మోసానికీ నడుమ, ‘దిప్లొకార్దియ’, అంటే రెండు హృదయాలు కలిగి ఉండటం, కనబడుతుంది. అభిప్రాయం, నాలుక, ప్రాణం, హృదయం వరుసగా రెండుగా చీలుతున్నాయి.

దీనికి ఎదురుగా తొమ్మిదో అధ్యాయంలోని రొట్టె ప్రార్థనను పెట్టి చూడాలి. కొండలమీద చెదిరిన గింజలు కూడి ఒక్క రొట్టె అయినట్టే సంఘం భూమి నలుమూలలనుంచి ఒక్కటి కావాలన్నది ఆ ప్రార్థన సారం. మొదటి వాక్యంలోని ‘రెండు’ ఇక్కడ ‘ఒకటి’గా మారుతుంది. వేరువేరు చోట్ల పుట్టిన నీతిపాఠాన్నీ ప్రార్థననూ కూర్చినవాడికి ఈ లెక్క తెలిసే ఉంటుందని మేము గట్టిగా చెప్పలేము. కాని ఇప్పుడున్న రూపంలో గ్రంథం ఆ లెక్కనే పాఠకుడి ముందు ఉంచుతుంది.

తెలుగు పాఠకుడికి ఈ భావం పరాయిది కాదు. త్రికరణశుద్ధి అని మనం అనేది ఇదే. మనసు, మాట, చేత ఒక్కటిగా ఉండాలన్న ఆదర్శం మన వాడుకలో ఎంత పాతుకుపోయిందంటే దానిని వివరించవలసిన పని కూడా ఉండదు. తెలుగు బైబిలు అనువాదకులు యాకోబు పత్రికలోని ‘దిప్సుఖోస్’ను ‘ద్విమనస్కుడు’ అన్నారు. అది సరైన ఎంపిక. ‘ద్వి’ని నిలబెట్టుకోవడంవల్ల మూలంలోని చీలిక తెలుగులోనూ వినబడుతుంది.

ఒక మాట, రెండు అర్థాలు

ఇక ‘దిగ్లోస్సోస్’ సంగతి. ఈ మాటకు గ్రీకులో రెండు చరిత్రలు ఉన్నాయి. క్రీ.పూ. ఐదో శతాబ్దిలో థుసిడిడీస్ తన యుద్ధచరిత్రలో రెండు భాషలు మాట్లాడే మనుషులను ఈ మాటతోనే పేర్కొన్నాడు. కారియా ప్రాంతపు వ్యక్తి ఒకడు గ్రీకు కూడా తెలిసినవాడు గనుక రాయబారానికి పనికివచ్చాడు. అక్కడ ఆ మాటలో నింద లేదు. హీబ్రూ గ్రంథాలు గ్రీకులోకి వచ్చినప్పుడు మాత్రం సామెతల గ్రంథంలోనూ, సీరా కుమారుని జ్ఞానగ్రంథంలోనూ ఇదే మాట కొండెగాడికి, ఎదుట ఒకటి చాటున ఒకటి చెప్పేవాడికి వర్తించింది. దిదఖే ఈ రెండో అర్థాన్నే వారసత్వంగా తీసుకుంది.

ఆ సీరా గ్రంథానికే ఒక ముందుమాట ఉంది. తాత హీబ్రూలో రాసిన దానిని మనుమడు ఈజిప్టులో గ్రీకులోకి మార్చాడు. హీబ్రూలో చెప్పినదానికి మరో భాషలో అదే బలం రాదని, లోపాలుంటే మన్నించమని అతడు పాఠకులను కోరాడు. రెండు నాలుకలవాణ్ణి నిందించే గ్రంథం మనదాకా రావడానికి ఒక ద్విభాషి పడ్డ శ్రమే కారణం. అతని ముందుమాటలోని నిజాయితీ, గ్రంథం లోపలి నింద పక్కపక్కన ఉన్నా ఒకదానికొకటి అడ్డురాలేదు. ఒకే మాటకు ఉన్న ఆ రెండు అర్థాలు వేరువేరని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

మన దేశభాషల్లోనూ ఇటువంటి మార్పు జరిగింది. సంస్కృత నిఘంటువులు ‘ద్విజిహ్వ’ శబ్దానికి పాము అనీ, కొండెగాడు అనీ రెండు అర్థాలు ఇస్తాయి. ‘ద్విభాషి’ అన్న మంచి మాటనుంచి ‘దుబాసి’ పుట్టింది. కుంపిణీ కాలపు చెన్నపట్నంలో దొరలకూ దేశీయులకూ మధ్య మాట నడిపినవాడు దుబాసి. రెండు వైపులా మాట తెలిసినవాడిమీద రెండు వైపులా అనుమానమే. భాష తెలియనివాడికి, తెలిసినవాడు ఏం చెబుతున్నాడో సరిచూసుకునే దారి లేదు. ఆ నిస్సహాయత అనుమానంగా మారి, అనుమానం చివరకు మాట అర్థంలో చేరిపోతుంది. ఈ పరిణామానికి భాషాశాస్త్రంలో అర్థాపకర్ష అని పేరు. దాని వెనుక ఉన్నది మనుషుల భయం.

ఇరవయ్యో శతాబ్దిలో ఈ ధాతువులే మరో రూపంలో తిరిగి వచ్చాయి. 1959లో చార్లెస్ ఫెర్గూసన్ ఒకే సమాజంలో గౌరవ సందర్భాలకు ఒక భాషారూపం, నిత్యవ్యవహారానికి మరో రూపం ఉండే స్థితికి ‘డైగ్లోసియా’ అన్న పేరును స్థిరపరచాడు. గ్రాంథిక వ్యావహారిక వివాదం తెలిసిన మనకు ఆ స్థితి కొత్తది కాదు. నీతిశాస్త్రంలో నిందగా ఉన్న మాట భాషాశాస్త్రంలో కేవల వర్ణన అయింది.

అనువదించని పిలుపు

దిదఖే ద్విభాషను తప్పు పట్టలేదనడానికి గట్టి సాక్ష్యం గ్రంథంలోనే ఉంది. పదో అధ్యాయంలో విందు తరవాతి ప్రార్థన గ్రీకులో సాగి, చివర ‘మరన అథా’ అన్న అరమాయిక్ మాటతో ముగుస్తుంది. ‘హోసన్నా’, ‘ఆమేన్’ కూడా అక్కడే ఉన్నాయి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చివర కూడా ‘మరన అథా’ అనువాదం లేకుండా ఉంది.

ఆ మాటను ‘మరన థా’ అని విడదీస్తే ‘మా ప్రభువా, రమ్ము’ అని అర్థం. ‘మరన్ అథా’ అని విడదీస్తే ‘మా ప్రభువు వచ్చాడు’ అని అర్థం. గ్రీకు అనువాదం చేయాలంటే ఏదో ఒకటి ఎంచుకోవలసి వస్తుంది. చేయకుండా వదిలినందువల్ల నిరీక్షణ, నిశ్చయం రెండూ ఆ ఒక్క పిలుపులో మిగిలాయి. కావాలనే వదిలారా, అలవాటుగా నిలిచిందా అన్న ప్రశ్న వేరు. గ్రీకులో రాసుకుని, గ్రీకులో బోధించుకునే సంఘం తన ప్రార్థన చివరి మాటను మొదటి తరంవారి భాషలోనే పలికిందన్నది మాత్రం మన ఎదుట ఉన్న వాస్తవం. పరదేశంలో మూడు నాలుగు తరాలు గడిచిన కుటుంబాల్లో పెళ్ళిపాటలు, లాలిపాటలు పాత భాషలోనే నిలిచి ఉండటం మన విద్యార్థులకు తెలిసినదే. అక్కడ చీలిక ఏమీ లేదు. ఒకే మనసు తనకు అత్యంత దగ్గరి మాటను ఉన్నది ఉన్నట్టుగా కాపాడుకుంటోంది.

కనుక దిదఖే నిషేధించిన రెండో నాలుక రెండో భాష కాదు. నిషేధం తరవాతి వాక్యమే దీనిని తేల్చిచెబుతుంది. మాట అబద్ధం కాకూడదు, ఖాళీగా ఉండకూడదు, చేతతో నిండి ఉండాలని అక్కడి భావం. ఖాళీ మాట ఒక్క భాష మాత్రమే తెలిసినవాడూ చెప్పగలడు.

చేతతో కొలిచే పరీక్షలు

ఈ సూత్రం సంఘ నియమాలలో ఆచరణలోకి వచ్చింది. ఆ కాలంలో బోధకులు ఊరూరా తిరిగేవారు. ఎవరు నిజమైన ప్రవక్త, ఎవరు కాదు అని తేల్చడం చిన్న సంఘాలకు కష్టం. మాటల చాతుర్యాన్నిబట్టి తేల్చలేరు. దిదఖే వారికి లెక్కపెట్టగలిగిన గుర్తులు ఇచ్చింది. వచ్చినవాడు ఒక రోజు ఉండవచ్చు, అవసరమైతే రెండో రోజూ ఉండవచ్చు. మూడు రోజులుంటే అతడు నిజమైనవాడు కాడు. వెళ్ళేటప్పుడు మరుసటి మజిలీవరకు సరిపడే రొట్టె తీసుకోవచ్చు. డబ్బు అడిగితే కాడు. ఆత్మావేశంలో భోజనం సిద్ధం చేయించి తానే తింటే కాడు. సత్యమే బోధించినా దానిని తాను ఆచరించనివాడు కూడా కాడు.

సామాన్య బాటసారి ఊళ్ళో స్థిరపడదలిస్తే పని చేసుకుని బతకాలి. చేతిలో వృత్తి లేకపోతే సోమరిగా ఉండకుండా సంఘం ఒక ఉపాయం చూడాలి. అందుకు ఒప్పుకోనివాడికి గ్రంథం ఒక పేరు పెట్టింది: ‘ఖ్రిస్తెంపొరోస్’, క్రీస్తును సరుకుగా అమ్ముకునేవాడు. దొంగ సన్యాసులను ఎండగట్టిన వేమన సంప్రదాయం తెలిసినవారికి ఈ సమాసంలోని చురుకు వెంటనే అందుతుంది. అయితే ఇక్కడ ఎగతాళి కంటె ఏర్పాటు ఎక్కువ. దొంగను తరమడంతో పాటు నిజమైన అవసరంలో ఉన్నవాడికి పని చూపించాలన్న బాధ్యతనూ సంఘంమీద పెట్టింది. ఇచ్చేటప్పుడు ముడుచుకుని, పుచ్చుకునేటప్పుడు చాచే చేయి ఉండరాదని నాలుగో అధ్యాయం అంటుంది. ధనికులకు వత్తాసు పలికేవారు, పేదలకు అన్యాయపు తీర్పు చెప్పేవారు ఐదో అధ్యాయంలో మరణమార్గాన నడుస్తూ కనిపిస్తారు. నాలుకను పరీక్షించడానికి ఈ గ్రంథం ప్రతిసారీ చేతివైపే చూస్తుంది.

గ్రంథం తన కొలతకు తానే తగ్గిన చోట్లు

ఇంతవరకు మెచ్చుకున్నాము. విమర్శ అంతటితో ఆగకూడదు.

నాలుగో అధ్యాయంలో, అమరమైన సంపదలో భాగస్వాములైనవారు నశించే సంపదను తమ సొంతమని అనుకోరాదన్న గొప్ప మాట ఉంది. కొద్ది వాక్యాల తరవాత యజమానులు బానిసలకు కటువుగా ఆజ్ఞాపించవద్దని, బానిసలు యజమానులను దేవుని ప్రతిరూపంగా భావించి భయభక్తులతో లోబడాలని ఉంది. వస్తువును నాదని అనరాదు గాని మనిషి మరొక మనిషి సొత్తుగా ఉండవచ్చు. అది ఆ కాలపు రోమను సామ్రాజ్య వ్యవస్థ అని సమాధానం చెప్పుకోవచ్చు. చరిత్రగా అది సరైన సమాధానమే. నీతిగ్రంథంగా చదివినప్పుడు మాత్రం దిదఖే నాలుక ఇక్కడ రెండుగా చీలిందనే మేము అంటాము. బానిస గొంతు ఈ గ్రంథంలో వినబడదు. హెర్మాస్ ‘కాపరి’ మొదటి వాక్యంలోనే, తనను పెంచినవాడు రోములో ఒక స్త్రీకి అమ్మేశాడని చెప్పుకున్నాడు. ఆ ఒక్క వాక్యం పక్కన పెట్టి చూస్తే దిదఖేలోని లోటు తెలుస్తుంది.

రెండోది ఎనిమిదో అధ్యాయం. వేషధారులు సోమ, గురువారాలలో ఉపవాసం చేస్తారు గనుక మీరు బుధ, శుక్రవారాలలో చేయండని అక్కడ ఉంది. వేషధారణ లోపలి గుణం. దానిని వారం రోజులనుబట్టి గుర్తుపట్టడమెలా? సోమ, గురువారాలు భక్తిపరులైన యూదుల ఉపవాస దినాలు. ఎవరి పాఠంనుంచి రెండు దారులను నేర్చుకున్నారో, ఎవరి ప్రార్థనల ఒరవడిలో తమ కృతజ్ఞతాస్తుతులను దిద్దుకున్నారో వారినే ఈ పేరుతో దూరం పెట్టారు. చేతనుబట్టి మనిషిని తూచాలన్న సూత్రం ఇక్కడ పక్కకు తప్పుకుని, గుంపునుబట్టి తూచడం మొదలైంది. తరవాతి శతాబ్దాలలో యూదులమీద పెరిగిన ద్వేషం చరిత్ర తెలిసినవారు ఈ వాక్యాన్ని తేలికగా దాటిపోలేరు.

చేయగలిగినంత చేయి

ఈ రచనలమీద మరోవైపునుంచి వచ్చిన విమర్శ కూడా ఉంది. అపొస్తలిక పితరులు పౌలు చెప్పిన కృపను మరిచి నియమాలకు పరిమితమయ్యారని స్కాట్లండు వేదాంతి టి.ఎఫ్. టారెన్స్ 1948లో వెలువరించిన గ్రంథంలో వాదించాడు. దిదఖే మొదటి అధ్యాయాలు చదివితే ఆ వాదంలో కొంత నిజం కనబడుతుంది. ‘చేయరాదు’ అన్న మాట అక్కడ ఎక్కువే. కాని రెండు చోట్లు ఆ వాదానికి లొంగవు. ఒకటి, తొమ్మిది పది అధ్యాయాల ప్రార్థనలు. అక్కడ ఆజ్ఞ వెనక్కి తగ్గి కృతజ్ఞతే ముందుకు వస్తుంది. రెండోది ఆరో అధ్యాయంలోని చిన్న సూచన. ప్రభువు కాడిని పూర్తిగా మోయగలిగితే పరిపూర్ణుడవవుతావు, మోయలేకపోతే నీకు చేతనైనంత చేయి అన్నది దాని భావం. బాప్తిస్మం విషయంలోనూ ఇదే ధోరణి. పారే నీరు మేలు. లేకపోతే వేరే నీరు. చల్లని నీరు కుదరకపోతే వెచ్చని నీరు. ఏదీ తగినంత లేకపోతే తలమీద ముమ్మారు పోస్తే చాలు.

మొదటి చూపులో ఇది సూత్రానికి సడలింపులా ఉంటుంది. మా దృష్టిలో సూత్రం నిలబడేది దీనివల్లనే. చేయలేనిదాన్ని చేస్తున్నట్టు నటించవలసి వచ్చినప్పుడే రెండో నాలుక మొలుస్తుంది. ‘ఇంతవరకే నా వల్ల అయింది’ అని చెప్పే వీలుంటే మనిషి మాటకు, చేతకు మధ్య దూరం దాచుకోనక్కరలేదు. పరిపూర్ణత కంటె నిజాయితీని ముందు అడిగిన బోధగా దీనిని గుర్తించాలి.

భాష విషయంలో మన విద్యార్థులకు ఇందులో ఉపయోగపడేది ఉంది. హోసూరులోనో బరంపురంలోనో షోలాపూరులోనో యానాంలోనో చదివేవారికి తమ తెలుగు స్వచ్ఛమైనది కాదన్న సంకోచం ఒకవైపు, నువ్వు ఇక్కడివాడివా అక్కడివాడివా అన్న ప్రశ్న మరోవైపు ఎదురవుతుంటాయి. రెండింటికీ జవాబుగా నటన అక్కరలేదు. ఇప్పటి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పనిచేస్తూ గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని, దానికి పాఠపుస్తకాలు, నిఘంటువు, వ్యాకరణం సమకూర్చారు. ఆయన రెండో నాలుక, మూడో నాలుక చేతతో నిండినవి. భాషలు ఎన్ని అన్న లెక్క ఆయన దగ్గర ఎవరికీ అనుమానానికి కారణం కాలేదు.

దిదఖేను మూలంలో చదవగలిగినవారు మనలో తక్కువ. అనువాదంలో చదివేవారు పైన చెప్పిన నాలుగు ‘ద్వి’ శబ్దాలను తమ ప్రతిలో గుర్తుపెట్టుకుని, ఆ అనువాదకుడు వాటిని ఎక్కడ నిలబెట్టాడో ఎక్కడ వదిలేశాడో సరిచూడవచ్చు. ‘దిగ్లోస్సోస్’ను తెలుగు చేయవలసి వస్తే ‘ద్విభాషి’ అనకూడదు, ‘రెండు నాలుకలవాడు’ అనాలి. వాడుకలో ఆ మాట ఇప్పటికే సరైన నిందను మోస్తోంది. ద్విభాషిని ఆ నిందనుంచి తప్పించడం అనువాదకుడి బాధ్యత.